దర్వాజ దాకా తగిలే తుపాకి

పోనీ, చౌకది తీసుకుంటే? చౌకదాని గొట్టం పలుచన. నాలుగు నెలలకే గురి పక్కకు పోతుంది. ఖరీదుదాని కట్టె నున్నగా, కొత్త బీరువా తలుపులా మెరుస్తుంది. బీరువా అనగానే పెళ్లాం రిబ్కమ్మ గుర్తొస్తుంది. ఆమె ఎప్పటినుంచో అడుగుతున్నది అదే. మధ్యరకం ఒకటుంది. తుపాకిని నడుమకు విరిచి, శనగగింజంత సీసపు గుండు పెట్టి, మళ్లీ మూయాలి. స్ప్రింగు గట్టిదేనా, లోపలి తోలు వాషరు ఎన్నాళ్లు ఆగుతుంది, ఇవి తేలితే చాలు. లైసెన్సు అక్కర్లేని గాలి తుపాకి, పట్నంలో దొరుకుతుంది. చాయ్ చల్లారిపోయేదాకా అహరోను సారు ఈ లెక్కలోనే ఉన్నాడు.

నారాయణఖేడ్ బడిలో లెక్కలు చెప్పే మనిషికి తుపాకి ఎందుకంటే, ఖాళీ డబ్బాలను గురిచూసి కొట్టడానికి. అంతే. పోయిన జాతరకు బోరంచలో, చర్చి సంఘం వాళ్లెవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, బెలూన్లు కొట్టే దుకాణం ముందు నిలబడ్డాడు. కొట్టినవన్నీ పేలాయి. తలలో ఏళ్లుగా తిరుగుతున్న గోల, బడి గొడవలూ, చిన్నాయన కొడుకు హనోకుతో పొలం గట్టు తగాదా, అంతా కుంచించుకుపోయి గొట్టం చివర ఒక చుక్కగా నిలిచింది. ఆ చుక్క కూడా పేలిపోయింది. అంత నిశ్శబ్దం ఆయనకు ప్రార్థనలో కూడా దొరకలేదు. కానీ ఈ మాట ఎవరితో అంటాడు? తల నెరిసినవాడు ఆడుకుంటానంటే ఊరు నవ్వదా?

బడికి పోతూ మల్లప్ప సైకిల్ షాపు దగ్గర ఆగాడు. గాలి పంపులు విప్పేవాడికి గాలి తుపాకి తెలియకుండా ఉండదని ఆయన నమ్మకం.

"మల్లప్పా, తుపాకిల తోలు వాషరు ఎన్ని దినాలు ఆగుతది?"

మల్లప్ప చేతిలో పానా ఆగిపోయింది. "తుపాకా? పిట్టలకా సారూ?"

"ఛీ, పిట్టల్ని ఎందుకు సంపుత?"

"అయితే పందులకు."

"కాదు."

"మరి ఎవలకు?"

"ఉన్నది తియ్, ఒక పని."

"ఎంత దూరం కొట్టాలె?"

"మా అరుగు మీదికెళ్లి దర్వాజ దాకా తగిలితె సాలు. ఖరీదుది వద్దు. పెద్ద పనేం గాదు."

ఆ దర్వాజకు సరిగ్గా ఎదురుగా, సందు అవతల బండ మీద, రోజూ పొద్దున వేపపుల్ల నములుతూ కూర్చునేది హనోకు. గట్టు తగాదా తరువాత అన్నదమ్ములకు మాటల్లేవు. ఈ రెండు సంగతులూ ఊరందరికీ తెలుసు. ఆ క్షణాన గుర్తులేనిది అహరోను సారొక్కడికే.

ఊళ్లో అప్పటికి టీవీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సాయంత్రాలు జనానికి మాటలు తప్ప వేరే కాలక్షేపం లేదు. మరునాడు లెక్కల క్లాసులో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. ఆ పై రెండు రోజులు హనోకు బండ ఖాళీగా ఉంది. మూడోనాడు గట్టు రాళ్లు రెండు సాళ్ల అవతలికి, హనోకు చెలకలోకి, వాటంతటవే జరిగినట్టు జరిగిపోయాయి. తన క్షమాగుణం హనోకును తాకిందేమోనని అహరోను సారు కాసేపు గర్వపడ్డాడు.

అప్పుడే రిబ్కమ్మ నల్లా దగ్గరి నుంచి వచ్చి బిందె దబ్బున దించింది.

"ఏందయ్యా, హనోకును సంపేతందుకు తుపాకి తెస్తున్నవంట! జైలుకు పోయినోళ్లకు పించనిస్తరా?"

"ఎవలన్నరు?"

"ఎవలనలేదో అడుగు! మరి ఎందుకు తుపాకి?"

'డబ్బాలు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రిబ్కమ్మ చూపు బీరువా లేని గోడ మీద ఉంది. "నీకెందుకు గా సంగతి," అన్నాడు. పెళ్లాం కళ్లకు పిల్లవాడిగా కనబడటం కంటే హంతకుడిగా కనబడటం ఎందుకో తేలికనిపించింది. పైగా, ఇది ఆయన తనతో తాను కూడా ఒప్పుకోలేదు గానీ, నిన్నటినుంచి కిరాణా దుకాణంలో తనకు కుర్చీ వేస్తున్నారు.

సాయంత్రం పాస్టరయ్య సంఘాన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంది. మాటల్లేని ఇద్దరిని ఒకే చాప మీద కూర్చోబెట్టి మాట్లాడించనిదే బల్ల దగ్గరికి రానివ్వకపోవడం అక్కడి ఆనవాయితీ. చాప ఆ చివర హనోకు, పాస్టరయ్య వెనక సగం దాక్కుని.

"అహరోనూ, కడుపుల ఉన్నది కక్కు," అన్నాడు పాస్టరయ్య. "ఒప్పుకున్నోనికి క్షమాపణ ఉన్నది. వచ్చే నెల మనూర్ సువార్త కూటాలల్ల నీదే సాక్ష్యం పెడదాం. హంతకుడు మారిన సాక్ష్యం మన దిక్కు ఇప్పటిదాంక లేదు."

ఒక్క అబద్ధం. తల ఊపితే చాలు. పొలం, కుర్చీ, మనూర్‌లో మైకు. అహరోను సారు మెడ కొద్దిగా వంగింది కూడా.

"అన్నా," అన్నాడు హనోకు, పాస్టరయ్య వెనక నుంచి తల బయటపెట్టి. "రాళ్లు జరిపిన. సాలదంటె ఇంకో సాలు జరుపుత. పొద్దుగాల వాకిట్ల కూసోని పండ్లు తోముకోనియ్యి, గంతే."

ఆ మాటలో ఏదో అహరోను సారు మెడను మధ్యలోనే ఆపేసింది. లేచాడు. చాప మీదివాళ్లంతా వెనక్కి జరిగారు. వంటింట్లోకి పోయి ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చి, దర్వాజ పక్కన గోడ మీద బోర్లించాడు.

"గిదాన్ని కొట్టేతందుకు," అన్నాడు. "ఆడుకునేతందుకు."

 రిబ్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది గానీ, నవ్వు కళ్లలోంచి వచ్చింది. పాస్టరయ్య ముఖం మనూర్ కూటాలు రద్దయినట్టుగా వాడిపోయింది.

హనోకు డబ్బాను చూశాడు, అన్నను చూశాడు. "ఆడుకునేతందుకా! మరి జెర ముందు చెప్పొద్దా అన్నా? నేను పట్నం పోయి తెచ్చుకుంటి గద!"

"ఏంది తెచ్చుకున్నవ్?"

"తుపాకి. నీ అసుంటిదే, గాలిది."

అహరోను సారు వచ్చి చాప మీద తమ్ముడి పక్కనే కూర్చున్నాడు. "ఏ రకం తమ్మీ?"

"అన్నిట్లకు ఖరీదుదే. పాణం సంగతాయె, బేరమాడుతనా?" హనోకు ముక్కు తుడుచుకున్నాడు. "రాళ్లు పొద్దుగాల మల్ల పాత జాగల పెడుత. తుపాకి మటుకు ఇద్దరం కొడుదం."

అహరోను సారుకు ఆ లెక్కలో తప్పేమీ కనిపించలేదు.