ఆదివారం దాకా నొప్పి

మీటరాయనకు పిక్క కండరం తెగిందంటే మొదట ఎవరూ నమ్మలేదు. పందొమ్మిదేళ్ళుగా నీళ్ళ మీటర్లు చదవడానికి రోజుకు నూట ఇరవై గడపలు తిరిగే మనిషికి పిక్కలే కదా ఆస్తి. ఆ ఆస్తి కాస్తా ఒక ఆదివారం పొద్దున షటిల్ కోర్టులో, ఎలాగూ గీత అవతల పడబోయే కాక్ కోసం ఎగిరినందుకు, టప్పున తెగింది.

"వదిలేయండి, అవుటవుతుంది అని అరిచాను కదండీ" అన్నాడు ఆయనతో జోడీగా ఆడేవాడు. నెట్టు దగ్గర నిలబడ్డాడంటే పాక మధ్య పాతిన గుంజలా కదలడు, మెదలడు కాబట్టి క్లబ్బులో అతన్ని నిట్టాడు అంటారు.

"నేను గాల్లోకి లేచాక వినబడింది" అన్నాడు మీటరాయన, నేల మీద వెల్లకిలా పడుకునే.

ఇంట్లో ఆయన భార్య బడిలో డ్రిల్లు టీచరు. ఇరవై ఏళ్ళుగా పిల్లల బెణుకులూ వాపులూ చూసిన చెయ్యి ఆవిడది. పిక్కను రెండు వేళ్ళతో నొక్కి చూసి, ఐసు ముక్కలు తువ్వాలులో చుట్టి పెట్టి, కాలు కింద రెండు దిండ్లు వేసింది.

"సగమే తెగింది. పూర్తిగా తెగుంటే ఇంకా గట్టిగా అరిచేవారు" అంది.

"నాకు ఓర్పెక్కువని ఎందుకు అనుకోవు?"

"నిన్న గోరు తీసుకుంటూ ఎంత అరిచారో పక్కవాటావాళ్ళనడగండి."

మర్నాడు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి ఒకప్పుడు టీచరు దగ్గర వాలీబాల్ ఆడిన పిల్లే. కాలంతా పరీక్షించి, చేతికి ఒక చార్టు ఇచ్చింది.

"వారం రోజులు పూర్తి విశ్రాంతి సార్. ఆ తర్వాత మెల్లగా కదలిక, ఆపైన కాలి మీద బరువు. రోజూ సాయంత్రం నొప్పి ఎంతుందో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె వేయండి. మూడు కంటే కిందికి దిగితే నాకు ఫోన్ చేయండి, తర్వాతి మెట్టు ఎక్కుదాం. దిగకపోతే అప్పటిదాకా విశ్రాంతే. తొందరపడి లేస్తే మళ్ళీ తెగుతుంది."

మొదటి వారం ఆయన నిజాయితీగానే ఎనిమిది, ఏడు, ఆరు వేశాడు. కిటికీ పక్కనున్న సోఫాలో కాలు పైకి పెట్టుకుని పడుకుంటే, మధ్యాహ్నం రెండు గంటలకు తన ఇల్లు ఎలా ఉంటుందో మొదటిసారి చూశాడు. ఫ్యాను చిన్నగా తిరుగుతుంది. కర్టెన్ ఊగుతుంది. ఎవరూ ఏమీ అడగరు. ఏ గేటూ తియ్యక్కర్లేదు, ఏ కుక్కనూ బతిమాలక్కర్లేదు.

ఆ వారంలోనే ఆయనకు ఇంకో సంగతి తెలిసింది. తను బాగా అలిసిపోయి ఉన్నాడు. పిక్క ఒక్కటే కాదు, తల వెంట్రుకల దాకా అలిసిపోయి ఉన్నాడు. ఇన్నాళ్ళూ కూర్చోలేదు కాబట్టి తెలియలేదంతే.

పన్నెండో రోజు సాయంత్రం నొప్పి రెండుకు దిగింది. ఆయన చార్టు ముందు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. రెండు వేస్తే తర్వాతి మెట్టు. ఆ మెట్టు తర్వాత వాళ్ళ మూడంతస్తుల మెట్లు. కింద నుంచి నీళ్ళ క్యాను, పైన డాబా మీద బట్టలు, పొద్దున్నే చెత్త బుట్ట, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఐదు వేశాడు.

ఇందులో ఆయన పెద్దగా పాపం చేస్తున్నట్టు అనుకోలేదు. ఉద్యోగంలో తాళం వేసిన ఇంటికి అంచనా అంకె వేయడం ఆయన చేతికి అలవాటైన పనే. ఒక ఇంటికైతే, దాన్ని కూల్చి ఖాళీ స్థలం చేసిన ఏడాదికి కూడా, నెలకు పన్నెండు వేల లీటర్లు వాడుతున్నట్టు రాశాడని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. కూల్చిన ఇంట్లో నీళ్ళు వాడించినవాడికి, తగ్గిన పిక్కలో నొప్పి ఉంచడం ఎంత పని.

మూడో వారం ఐదు. నాలుగో వారం ఐదు. ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని మధ్యలో ఒక నాలుగున్నర వేశాడు.

ఈలోపు ఇంటి పనంతా టీచరు మీద పడింది. పొద్దున్న బడికి వెళ్ళకముందు చెత్త, వచ్చాక బట్టలు, మధ్యలో గ్రౌండులో ఆరు పీరియడ్లు. నీళ్ళ క్యాను మూడో అంతస్తుకు తెచ్చి దింపి, గోడకు చెయ్యి ఆనించి నిలబడింది ఒకరోజు.

"ఇంకా ఐదేనా?" అంది ఊపిరి తీసుకుంటూ.

"ఐదు దగ్గర పట్టుకుని కూర్చుంది. దిగనంటోంది."

"మీలాగే."

"నన్నేం చెయ్యమంటావు? ఆ అమ్మాయే చెప్పింది, తొందరపడితే మళ్ళీ తెగుతుందని. వైద్యుల మాట జవదాటకూడదు."

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరు ఒకరి మాట వినడం ఇదే మొదలు" అని ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆ మాటలో కోపం కూడా లేదు. కోపానికీ ఓపిక కావాలి.

ఐదో వారం మంగళవారం ఫిజియోథెరపీ అమ్మాయి ఇద్దర్నీ పిలిచింది. ఇన్ని రోజులైనా నొప్పి తగ్గకపోవడమేమిటని ఆమెకు దిగులు పట్టుకుంది. మీటరాయన కుంటుతూనే వెళ్ళి, బల్ల మీద పడుకున్నాడు. అమ్మాయి టేపుతో రెండు పిక్కలూ కొలిచింది.

"కుడికాలు రెండు సెంటీమీటర్లు సన్నబడింది సార్. వాడకపోతే కండ కరిగిపోతుంది. విశ్రాంతి మందే, కాదనను. కానీ మందు మోతాదు దాటితే అదే జబ్బు. ఏదీ, చార్టు ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. అమ్మాయి చూసింది. మళ్ళీ గోడ మీది క్యాలెండరు చూసింది. మళ్ళీ చార్టు చూసింది.

"ఇవాళ మంగళవారం కదా సార్?"

"అవునమ్మా."

"ఇందులో ఆదివారం దాకా నొప్పి వచ్చేసిందే."

రోజూ సాయంత్రం లేచి పెన్ను వెతుక్కోవడం కూడా బద్ధకమై, సోమవారం నాడే వారమంతా వేసేశాడు ఆయన. మీటరు పుస్తకంలో అలా వేస్తే అడిగినవాళ్ళు లేరు మరి.

"గురువారం సాయంత్రం కూడా ఐదే ఉంటుందా?" అంది టీచరు, కుర్చీలో వెనక్కి వాలి.

"ఉండొచ్చు" అన్నాడు నీరసంగా. "అంచనా."

"శనివారం నాలుగున్నరకు ఎందుకు తగ్గింది?"

ఆయన పైకప్పు చూశాడు. పైకప్పు కూడా ఏమీ సాయం చెయ్యలేదు.

"నాకు మూడో వారం మొదట్లోనే తెలుసు" అంది ఆవిడ. "మీరు గదిలోంచి హాల్లోకి నడిచేటప్పుడు రెండు అడుగులూ ఒకేలా చప్పుడు చేస్తున్నాయి. నేను చూస్తున్నానని తెలిస్తేనే కుంటుతున్నారు. నా దగ్గర పీరియడ్ ఎగ్గొట్టడానికి ఏడో తరగతి పిల్లలు కూడా ఇంతకంటే బాగా కుంటుతారు."

"తెలిసి ఎందుకూరుకున్నావు?"



"సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతుంటే చూశాను. ఇన్నేళ్ళలో మీరలా పడుకోగా చూడలేదు. కాలికి అక్కర్లేకపోయినా మనిషికి కావాలేమో అనుకున్నాను. పోనీలే, రెండు వారాలు పడుకోనిద్దాం అనుకున్నాను. ఆ రెండు వారాలూ మొన్న శుక్రవారంతో అయిపోయాయి. నా ఓపిక కూడా ఆ రోజే అయిపోయింది."

మీటరాయనకు సిగ్గేసింది. మామూలుగా దొరికిపోయినప్పుడు వేసే సిగ్గు కాదు, అంతకంటే లోపలిది. ఏదో అనబోయాడు గానీ ఆవిడ అప్పటికే అమ్మాయి వైపు తిరిగింది.

"మన ఆటలో ఒక మనిషి అలిసిపోతే ఏం చేసేవాళ్ళమే?"

"బయట కూర్చోబెట్టి, కూర్చున్నవాళ్ళని లోపలికి పంపేవాళ్ళం టీచర్."

"అంతే. ఆయన్ని లోపలికి పంపుతున్నాను. మెట్లెక్కొచ్చా?"

"ఎక్కాలి టీచర్. రోజుకు నాలుగైదు సార్లు, మెల్లగా."

"బట్టలు ఆరెయ్యడానికి మునివేళ్ళ మీద లేస్తే?"

"పిక్కకు అంతకంటే మంచి వ్యాయామం లేదు."

"నీళ్ళ క్యాను?"

"ఈ వారం సగం నింపినది. వచ్చే వారం నిండుది. అన్నీ రాసిస్తాను." అమ్మాయి పాత చార్టు మడిచి పక్కన పడేసి కొత్తది తీసింది. "అంకెలు మాత్రం మీరు వేయండి టీచర్."

ఇంటికి రాగానే టీచరు కిటికీ పక్క సోఫాలో కాళ్ళు చాపుకుంది. కర్టెన్ కొంచెం లాగమంది. ఆయన లాగి వెనక్కి తిరిగేసరికి నిద్రపోయింది. బూట్లు కూడా విప్పలేదు. ఆయనే వంగి విప్పాడు. అరికాళ్ళు పగిలి ఉన్నాయి. ఎప్పటి నుంచి అలా ఉన్నాయో ఆయనకు తెలియదు.

ఆ తర్వాతి రెండు వారాలు మీటరాయన దినచర్య చెప్పుకోదగ్గది. పొద్దున్నే చెత్త బుట్టతో కిందికి, నీళ్ళ క్యానుతో పైకి, బట్టల బకెట్టుతో ఇంకా పైకి. డాబా మీద దుప్పటి ఒకటి ఆయన్ను చుట్టేసి, గాలికి అటూ ఇటూ తిప్పి, ఆఖరికి ఆయన్నే తీగ మీద ఆరేసినంత పని చేసింది. అన్నం రెండుసార్లు మాడ్చాడు. మూడోసారి మాడలేదు, ఉడకలేదు కూడా. ఆఫీసు సెలవు కూడా అయిపోవడంతో నూట ఇరవై గడపలూ మళ్ళీ మొదలయ్యాయి. టీచరు సాయంత్రం బడి నుంచి రాగానే సోఫా ఎక్కేది. వారం తిరిగేసరికి ఆవిడ ముఖంలో రంగొచ్చింది.

రెండో ఆదివారం మధ్యాహ్నం నిట్టాడు రాకెట్ సంచితో వచ్చి తలుపు తట్టాడు. మీటరాయన చేతిలో గిన్నెలు తోమే పీచుతోనే తలుపు తీశాడు.

"మెల్లగా మాట్లాడు. ఆవిడ పడుకుంది."

"వచ్చే ఆదివారం టోర్నమెంటండీ" అన్నాడు నిట్టాడు గుసగుసగా. "మీరు రాకపోతే నాకు వేరే జోడీ వేస్తామంటున్నారు. కాలెలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది. రెండు పిక్కలూ సమానం."

"అయితే వస్తారుగా?"

లోపల్నుంచి టీచరు గొంతు వినబడింది, కళ్ళు తెరవకుండానే.

"వెళ్ళి ఆడిరండి. పూర్తిగా నయమైంది. ఆ ఒక్క పూట ఇల్లు నేను చూసుకుంటాను."

మీటరాయన ముఖం వెలిగింది. అంతలోనే ఆరింది. సోఫాలో అటు తిరిగి పడుకున్న ఆవిడ వీపు వైపు చూశాడు, గోడ వారగా ఉన్న ఖాళీ మంచం వైపు చూశాడు. నిట్టాడి భుజం మీద తడి చెయ్యి వేసి, గడప అవతలికి తీసుకెళ్ళాడు.

"వేరే జోడీ చూసుకో నాయనా. ఆ ఒక్క పూటా దొరికితే నేనూ పడుకుంటాను."