పిలవని పెళ్ళిళ్ళకు వాన తాత

మా ఆయనకు జ్వరం వస్తే నేను చూసుకోగలను. తెలివితేటలు పుట్టుకొచ్చినప్పుడే నా వల్ల కాదు. జ్వరానికైతే మాత్రలున్నాయి.

ఆ రోజు నేను పొయ్యి దగ్గర టెంపే సోయా ముక్కలు వేయిస్తుంటే, తడి తువ్వాలును కోటులా భుజాల మీద కప్పుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"విను. ఈ సోలో నగరంలో కంప్యూటర్ తెలిసినవాళ్ళు వేలమంది. నేరం వాసన పసిగట్టేవాళ్ళు పదిమంది. రెండూ తెలిసినవాడు ఒక్కడే. వాడు నీ మొగుడు!"

"ఇప్పుడొస్తున్నది మాడు వాసనండీ. కాస్త తప్పుకుంటే గాలొస్తుంది."

మా ఆయన మోకో పనిచేసేది బు సుమార్ని అమ్మగారి పెళ్ళి పందిళ్ళ కంపెనీలో. అక్కడ ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ మనిషి ఆయనే. పందిరి, కుర్చీలు, మైకు, మంత్రంతో వాన ఆపే తాత, ఏది కావాలన్నా ఫోన్లోనే బుక్ చేసుకోవచ్చు. వానాకాలంలో తాత లేకుండా ఆరుబయట పెళ్ళి చేసే ధైర్యం మా జావా దీవిలో కొద్దిమందికే ఉంటుంది. కానీ కోరినవాళ్ళ ఇంటికే కదా తాతను పంపాలి? వానలు మొదలైనప్పటి నుంచీ కెర్తోయో తాత అందరి పెళ్ళిళ్ళకూ హాజరైపోతున్నాడు. వాన కట్టడానికి చీపురు తలకిందులుగా పాతి, మిరపకాయలూ ఉల్లిపాయలూ పుల్లకు గుచ్చి, పెళ్ళికొడుకు కంటే ముందు భోజనానికి కూర్చుంటున్నాడు. ఇలాంటివి గిట్టని ఒక హెడ్మాస్టరు గారైతే చీపురు పట్టుకుని నేరుగా కంపెనీకే వచ్చేశారు.

ఎవరో డేటాబేస్‌లో దొంగతనంగా తాతను చేరుస్తున్నారన్నది అభియోగం. బుకింగులు చూసేది నా చెల్లెలు లారాస్. తాతేమో లారాస్‌ను చేసుకోబోయే కుర్రాడికి చిన్నతాత. ఇంకేం కావాలి? సోమవారంలోగా అసలు దొంగ దొరక్కపోతే లారాస్ ఇంటికి పోవాల్సిందేనని బు సుమార్ని గారు తేల్చేశారు. ఆ మచ్చతో బయటికొస్తే మా ఊళ్ళో దానికి ఇంకెవరూ పని ఇవ్వరు.

"మరదలని చూడను. చట్టం ముందు అందరూ సమానమే" అన్నారు మా ఆయన, దాని పళ్ళెంలోంచి క్రుపుక్ అప్పడం తీసుకుంటూ.

"ముందు నా క్రుపుక్ సంగతి తేల్చండి బావగారూ" అంది లారాస్.

ఆయన పరిశోధన మా భోజనాల బల్ల మీదే సాగింది. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. స్టోర్డ్ ప్రొసీజర్ అనేది ముందే రాసి పెట్టుకున్న వంట విధానం లాంటిది. పేరు పెట్టి పిలిస్తే చాలు, లోపలి పనులన్నీ వరసగా అదే చేసుకుపోతుంది. చిట్టాలా రాసుకునే మామూలు లాగ్‌లో "ఫలానావాళ్ళు పిలిచారు" అని మాత్రమే ఉంటుంది. లోపల ఏ క్వెరీ, అంటే ఏ ఆజ్ఞ, నడిచిందో, ఎవరి ఉప్పు ఎవరి పులుసులో పడిందో ఉండదు.

"అందుకే నేను చీకటి గదుల్లోకి దిగాను" అన్నారు గొంతు తగ్గించి. "డేటాబేస్ తన సొంతానికి దాచుకునే టేబుళ్ళు! మాన్యువల్లో ఎక్కడా ఉండవు. పేర్లు ఊహించి తలుపు తట్టాలి. తడితే..."

"తెరిచాయా?"

"చాలావరకు తిట్టాయి. ఒకటి తెరిచింది."

అందులో ప్రొసీజర్ల లోపల నడిచిన క్వెరీలన్నీ ఉన్నాయట, కాకపోతే ముక్కలు ముక్కలుగా. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో చెప్పే నెంబరు పక్క వరసలోనే ఉంది. మా ఆయనకు అది ఆలస్యంగా కనిపించింది. అప్పటిదాకా సొంత ప్రతిభతో అతికించి చదివారు.

"చూశావా కుట్ర! 'పెళ్ళికొడుకును తొలగించి ఆ స్థానంలో తాతను చేర్చుము.' ఇది వాన కేసు కాదే, వారసత్వం కేసు!"

"పెళ్ళికూతురు ఒప్పుకుందా?" అని అడిగాను.

ముక్కలు సరిగా పేర్చాక పెళ్ళికొడుకు క్షేమమని తేలింది. బుకింగు పడగానే తాతను చేర్చే క్వెరీ ఒకటి నడుస్తోంది. మిషన్‌లో ఒక్కో మనిషికి ఒక్కో నెంబరుంటుందట; దీన్ని నడిపిస్తున్నది నూరో నెంబరు.

"నూరో నెంబరు లారాస్‌దా?"

"కాదు. కానీ ఫోన్ బుకింగులన్నీ లారాస్ పేరు మీదే ప్రొసీజర్‌ను పిలుస్తాయి; దాని కడుపులోనే అది నడిచింది. నూరో నెంబరు ముఠా నాయకుడు అయ్యుంటాడు."

"ఏ నెంబరు ఎవరిదో ఎక్కడా రాసి ఉండదా?"

"ఉంటుంది, వేరే టేబుల్లో. అది మాన్యువల్లోనే ఉంది." ఆయన నా వైపు జాలిగా చూశారు. "మాన్యువల్లో ఉన్నది చూడ్డానికి డిటెక్టివ్ ఎందుకే? గుమాస్తా చాలు."

శుక్రవారం మధ్యాహ్నం వల పన్నారు. మామూలు కస్టమరులా తన ఫోన్లోంచి ఒక దొంగ పెళ్ళి బుక్ చేశారు. ఆదివారం, ఆరుబయట, తాత వద్దు. పెళ్ళికొడుకు మోకో.

"చిరునామా?" అన్నాను.

"మనదే. తప్పుడు చిరునామా రాస్తే శత్రువు పసిగడతాడు. పెళ్ళికూతురి పేరు చెప్పు."

"కెమాలా. కాస్త కలిగినింటి పిల్లలా ఉంటుంది."

"బాగుంది" అన్నారు, అవసరమైన దానికంటే ఎక్కువ సంతోషంగా.

బుకింగు నొక్కి లాప్‌టాప్ మీదికి వంగారు. రెప్పపాటులో నూరో నెంబరు కదిలింది. తాత చేరిపోయాడు. లారాస్ ఆ క్షణంలో మా ఎదురుగానే కూర్చుని సోతో సూపు తాగుతోంది. ఒక చేతిలో చెంచా, రెండో చేతిలో నిమ్మచెక్క.

"బావగారూ, చూశారుగా? నేను కదల్లేదు!"

"చూశాను" అన్నారాయన. "చేతులు కదపకుండానే చేశావు. ఇంత నిపుణురాలివని అనుకోలేదు లారాస్!"

సాయంత్రం ఆఫీసులో అందరి ముందూ దాని పేరే చెప్పారు. బు సుమార్ని గారు దాన్ని సోమవారం నుంచి రావద్దన్నారట. అది నా వంటింట్లో కూర్చుని ఏడవలేదు, ఉల్లిపాయలు తరిగింది. ఎన్ని తరిగిందో నాకే తెలుసు.

ఆ విజయోత్సాహంలో డిటెక్టివ్ గారు ఒక చిన్న పని మరిచారు. దొంగ పెళ్ళిని రద్దు చేయలేదు.

ఆదివారం పొద్దున్నే లారీ వచ్చింది. వాకిట్లో పందిరి లేచింది. కుర్చీలు దిగాయి, మైకు దిగింది, "మోకో, కెమాలా దంపతులకు శుభాకాంక్షలు" అని పూలతో రాసిన బోర్డూ దిగింది. ఎదురింటి తుమిని ప్రహరీ మీదుగా తొంగిచూసింది.

"వదినా, నువ్వు ఒప్పుకున్నావా?"

"పేరు పెట్టింది నేనే వదినా" అన్నాను.

ఆవిడ అక్కడే ప్రహరీ పట్టుకుని కూలబడింది.

ఆర్డరు చూసి నిప్పులు కక్కుతూ బు సుమార్ని గారు వచ్చారు. ఆవిడ వెనకే కెర్తోయో తాత, చీపురుతో సహా. మా ఆయన లుంగీ ఎగ్గట్టుకుని ఎదురెళ్ళారు.

"కదలకు తాతా! నీ ఆట కట్టు! నిన్ను పిలిచిన నూరో నెంబరు ఎవరు? పేరు చెప్పు!"

తాత కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు.

"నెంబర్లు నాకేం తెలుసు నాయనా! పిలిచింది నువ్వేగా?"

"నేనా?"

"పోయిన వానాకాలం చివర్లో ఊరిపెద్ద కూతురి పెళ్ళిలో పందిరి కూలి, బిర్యానీ గుండిగలు కాలువలో తేలితే, మా ఇంటికొచ్చి నా కాళ్ళు పట్టుకుని ఏడవలేదూ? 'ఇకమీదట వానాకాలంలో ఆరుబయట పెళ్ళంటే మిషనే నిన్ను పిలుస్తుంది తాతా, రాసి పారేశాను' అనలేదూ? ఆ వారమే వానలు ఆగిపోయాయి, పిలుపు రాలేదు. ఇప్పుడు మాత్రం ఊపిరాడనివ్వట్లేదు. భోజనం ఎన్నింటికి?"

లారాస్ లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"గుమాస్తా పని ఒక్కసారి చేయండి బావగారూ."

మా ఆయన మాన్యువల్లో ఉన్న ఆ మామూలు టేబుల్ తెరిచారు. నూరో నెంబరు ఎదురుగా ఉన్నది విద్యాత్మోకో. మా ఆయనకు ఇంట్లో పెట్టిన పూర్తి పేరు. డేటాబేస్‌ను మొదట పెట్టినవాడికి వచ్చే నెంబరట అది; ఎవరు పిలిచినా ప్రొసీజర్ రాసినవాడి పేరు మీదే నడుస్తుందట.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. అందరం తాత వైపు చూశాం.

"దొంగ పెళ్ళిళ్ళకు నా పూచీ లేదు" అన్నాడు తాత, కుర్చీ పందిరి మధ్యకు జరుపుకుంటూ.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "సాంకేతికంగా చూస్తే, పిలిచినవాళ్ళ హక్కులు, రాసినవాళ్ళ హక్కులు అని రెండు రకాలు..."

"మోకో" అన్నారు బు సుమార్ని గారు. "ఆ పిల్ల మీద నింద వేసినప్పుడు ఆఫీసంతా వినేలా వేశావు. మైకు అక్కడుంది."

"ఇంతమంది ముందా అమ్మగారూ?"

"రేపు ఆఫీసు కుర్చీలో ఎవరు కూర్చోవాలి, నువ్వా, లారాసా?"

ఆయన మైకు దగ్గరికి నడిచారు. వేలితో రెండుసార్లు తట్టారు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"అంటే... ఒక పొరపాటు... జరగడం..."

"వినబడట్లేదు బావగారూ!" అంది లారాస్, పందిరి చివర నుంచి.

ఆయన నా వైపు చూశారు. నేను శబ్దం పెంచే మీట కాస్త తిప్పాను.

"తప్పు నాదే!" వాన హోరును దాటి వీధి చివరిదాకా వెళ్ళింది ఆ మాట. "లారాస్‌ది కాదు! రాసింది నేను, మరిచింది నేను, నింద వేసింది నేను!"