కొత్తకోటలో అమావాస్య రద్దు

కొత్తకోట పురజనులకు తెలియజేయునది ఏమనగా, పందొమ్మిదివందల అరవై రెండు ఎండాకాలం నుంచి ఇక్కడి ఐసు కార్ఖానాలో అమావాస్య రద్దయినది. ఆకాశంలో చంద్రుడు మాత్రం పాత పద్ధతిలోనే మాయమవుతూ వచ్చాడు. ఆయన కార్ఖానా నౌకరు కాడు కనుక చర్య తీసుకోలేకపోయారు.

రద్దు చేసినవారు యజమాని రామచంద్రయ్యగారు, గొప్ప అభ్యుదయవాది. చిక్కులో పడ్డవాడు మిషన్ చూసుకునే ఐలేశం. ఐసు గడ్డకట్టాలంటే మిషన్ వేడి బయటికి పోవాలి, అది పోవాలంటే గొట్టాల మీద నీళ్లు పారుతుండాలి. మన బావినీళ్ల సంగతి మీకు తెలియనిదా? నెల తిరిగేసరికి పళ్లకు పట్టినట్టు ఇనుముకూ గార పడుతుంది. అందుకని ఐలేశం ప్రతి అమావాస్యకూ మిషన్ ఆపి గొట్టాలు తోమేవాడు. ఆ రోజు వడ్రంగులు, తాపీమేస్త్రీలు కూడా పనిముట్లు ముట్టరు కనుక, ఇతనిదీ అదే ఆచారమని ఊరు అనుకుంది. ఐలేశం కాదనలేదు. తోమాలంటే వినని ఊరు అమావాస్య అంటే కిమ్మనదు మరి!

"చంద్రుని మీదికి రాకెట్లు పోతున్న కాలమిది! గిప్పుడు గూడ అమావాస్యని పని బందు పెడితే దేశం ఎట్ల ముందుకు పోతది? నా కార్ఖానల మూఢనమ్మకానికి జాగా లేదు!" అని రామచంద్రయ్యగారు ఉపన్యసించారు. ఇక అమావాస్యనాడూ ఐసు దొరుకుతుందని సోడాబండ్లవాళ్లు చేతులు నొప్పిపెట్టేదాకా చప్పట్లు కొట్టారు.

"పటేలా, అమావాస్య పోతే పోనియ్యి. గొట్టాలెప్పుడు తోమాలె?" అన్నాడు ఐలేశం.

"మంచిగ నడుస్తున్న మిషన్‌ను ఆపుతవా? ఇంకోపారి ఆపినవంటే నీ నౌకరి ఖతం."

ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఐలేశం నోరు మూసుకున్నాడు. మిషన్ మూసుకోలేదు, వైశాఖం వచ్చేసరికి మూలగడం మొదలుపెట్టింది. విజ్ఞానప్రియులైన రామచంద్రయ్యగారు వెంటనే స్పందించి దానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించారు. మూలుగు తగ్గలేదు. మైసమ్మకు మేకపోతును కోయించారు. ఇది మూఢనమ్మకం కాదని, యంత్ర సంరక్షణ అని ప్రకటించారు. మేక ఐలేశానిదే. అతని భార్య బీరమ్మ ఆ రోజంతా ఏడ్చింది, కూర మాత్రం ఊరు తిన్నది.

మరునాడు పెండ్లి ఊరేగింపు కార్ఖానా ముందుకు వచ్చిన సమయానికి, గార వల్ల వేడి బయటికి పోక గొట్టం పగిలింది. లోపలి అమ్మోనియా గ్యాసు ఘాటుకు కండ్లు మండి పెండ్లికొడుకు ఒక దిక్కు, బ్యాండువాళ్లు ఒక దిక్కు పరుగెత్తారు. ఐలేశం తడి తువ్వాల ముఖానికి చుట్టుకొని లోపలికి ఉరికాడు. పోతే నౌకరి పోతుందనుకున్నాడు గానీ పానమే పోతుందని అప్పటిదాకా అనుకోలేదు. గ్యాసు కట్టేసి, దగ్గుకుంటూ బయటపడ్డాడు. తర్వాత గార గీకి, గొట్టం అతికించి, మిషన్ నడిపించాడు.

ఇక చూడండి సన్మానం! దండ, శాలువా, మేళం. "ఐలేశం లేకుంటే కొత్తకోట లేదు!" అన్నారు రామచంద్రయ్యగారు గద్గదంగా. ఆ ఊపులో ఐలేశం ధైర్యం చేశాడు.

"పటేలా, నెలకొక్కనాడు మిషన్ ఆపి తోముకుంట."

సభ నివ్వెరపోయింది. "గిప్పుడు మంచిగనే నడుస్తాంది గదా!" అన్నది ఏకకంఠంతో.

ఇంటికి పోతూ బీరమ్మ భయంభయంగా అడిగింది. "తోమకపోతే మల్ల పగులుతదా?"

"పగులుతది."

"మరెట్లనయ్యా?"

"బతికుంటే ఇంకో దండేస్తరు" అన్నాడు ఐలేశం.

పాఠక మహాశయులారా, కొత్తకోటను చూసి నవ్వకండి. ఐలేశం గొట్టాలు తోమినన్నాళ్లూ ఇక్కడ ఏమీ జరగలేదు. ఆ సంగతి కథగా రాస్తే మీరు చదివేవారా?