పచ్చనోట్ల నెమలి

మా ఆయన వెంకటప్పయ్యకు పినపాకలో ఇంకో పేరుంది. ప్లానింగు వెంకటప్పయ్య. గోడకు మేకు కొట్టాలన్నా ముందు నేలమీద సుద్దతో బొమ్మ గీస్తారు. మేకు మాత్రం నేనే కొడతాను.

ఎనభై రెండులో, భాద్రపద మాసంలో, మధిర నుంచి మా చెల్లెలు పద్మావతమ్మ కబురు పంపింది. కొడుకుకు భిలాయిలో ఉద్యోగం దొరికిందట, నెలాఖరుకు తననూ వెంట తీసుకెళ్తున్నాడట. రైలెక్కేలోగా వచ్చి కొన్నాళ్లుండి పొమ్మంది. అంత దూరం వెళ్లే మనిషి మళ్లీ ఎప్పుడు కనబడుతుందో ఎవరు చెప్పగలరు? నాకు అన్నం సయించలేదు.

"పాల డబ్బులున్నయి గదా. ఎల్లుండి పోతాను" అన్నాను.

"మరి నాకు అన్నం?"

"బియ్యం డబ్బాలో ఉన్నయి. పొయ్యి వంటింట్లో ఉంది."

"పొయ్యి ఎక్కడుందో నాకు తెలుసు. ఎట్ల వెలుగుద్దో తెలవదు" అన్నారు దిగులుగా.

మర్నాడు చేనుకు వెళ్లి వచ్చేసరికి పాల డబ్బులు దాచిన డబ్బా ఖాళీగా ఉంది. అరుగు మీద నెమలి ఉంది.

వెదురు పుల్లలతో బొమ్మ కట్టి, నోట్లను విసనకర్రల్లా మడిచి దారంతో కుట్టారు. రెండు రూపాయల ఎర్రనోట్లు ఒళ్లు, అయిదు రూపాయల పచ్చనోట్లు తోక, రూపాయి నోటు ముక్కు. పది నోటు వెనక ఉన్న నెమళ్లను చూసి నేర్చుకున్నారట. నిజం చెప్పొద్దూ, బాగుంది. నా కడుపుమంట కూడా అదే.

"ఇవి నా బస్సు డబ్బులు గాదూ?"

"పొద్దున దాకా డబ్బులే. ఇప్పుడు కళ. కళను విప్పితే పాపమే."

"ఎక్కడ రాసి ఉంది?"

"రాయలేదనే గదా నేను చెబుతున్నది."

ప్లాను అర్థమైంది. ఆ నోట్లు నెమలిలో ఉన్నంతకాలం నేను వంటింట్లో ఉంటాను.

అంతటితో ఊరుకుంటే ఆయనే గెలిచేవారు. కానీ మెచ్చుకునేవాళ్లు లేని కళ ఎందుకు? ఊరంతటినీ పిలిచారు.

మొదట పక్క తండా నుంచి బాలి వచ్చింది. ఆమె రవికె నిండా పాత రూపాయి బిళ్లలు కుట్టి ఉంటాయి. మనిషి కంటే ముందు చప్పుడు వస్తుంది. నెమలి చుట్టూ తిరిగి చూసింది.

"మంచిగున్నదన్నా. మేం పైసలు ఒంటికి కుట్టుకుంటం, నువ్వు పిట్టకు కుట్టినవ్" అని నడుము సంచిలోంచి ఒక నోటు తీసి నెమలి ముందు పెట్టింది.

"అదెందుకే బాలీ?" అన్నాను.

"ఇంటికి కొత్తగ వచ్చిన పానాన్ని ఉత్త చేతుల్తోని చూస్తరా ఏంది?"

పసిబిడ్డను చూసే ఆచారం నెమలికి వచ్చి పడింది. ఒకరు పెట్టాక రెండోవాళ్లు పెట్టకుండా ఎలా ఉంటారు? పక్కింటి జంపయ్య అయిదు రూపాయలు పెట్టి, మా ఆయనను ఎగాదిగా చూసి, "బాలింతకు కారం గిట్ల పెట్టకమ్మా, పత్యం చెయ్యనియ్" అని నాకు చెప్పి మరీ వెళ్లాడు.

నేను పళ్లెం తెచ్చి పెట్టాను. పొద్దు గూకేసరికి అది నిండింది. మా ఆయన కళ్లు మెరిశాయి.

"పున్నమ్మా, వీటితో పిల్ల నెమళ్లు చేస్తా. దారం పట్రా."

"తెస్తాను" అని లోపలికి వెళ్లాను. నాతోపాటు పళ్లెమూ లోపలికి వెళ్లింది.

తెల్లవారి మొదటి బస్సెక్కేముందు, "దారం గూట్లో ఉంది" అని చెప్పాను. ఆయన దుప్పట్లోంచి "ఊఁ" అన్నారు.

మధిరలో చెల్లెలూ నేనూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. పక్కపక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలిచాం. రైలు కదిలేటప్పుడు కూడా పచ్చడి జాడీకి గుడ్డ గట్టిగా కట్టావా అనే అడిగాను. కట్టానక్కా అంది. అది కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపాను. చూడగలిగాను, అంతే చాలు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన కాస్త ఒళ్లు చేసి ఉన్నారు. నెమలే చిక్కిపోయింది. తోక లేదు. ఒళ్లంతా వెదురు పుల్లలు. ముక్కు ఒక్కటే మిగిలింది.

"ఏమండీ, తోకేది?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ భుజం మీదే వేసుకున్నారు.

"ఈ కాలంలో నెమళ్లు ఈకలు రాలుస్తయి గదే."

"ఎక్కడ రాల్చింది?"

"ఎక్కువగా సీతయ్య హోటల్లోనే."