ఒక ట్రాక్టరు, రెండు ట్రాలీలు, నా గ్రాఫిక్స్ కార్డు

మా పక్కింటి నాగవ్వ కిరాణా కొట్టు తారాబాయితో అన్నదట. తారాబాయి ఆ మాటను వేడి చల్లారకుండా మా ఆవిడ లిడియాకు అందించింది. "మీ జాన్సన్ అంగి లోపట ఏదో డబ్బా దాసుకొని ఇంట్ల జొచ్చిండు. చీర గావచ్చు. నీకైతే రాలే గదా, మరి ఎవలికో."

బోధన్‌లో పుట్టిన మాట నాకంటే ముందే ఇల్లు చేరుతుంది. డబ్బా దాచిపెట్టి బజారుకు పోయొచ్చి నేను బండికి స్టాండు వేసేలోపే వంటింట్లో గరిటె చప్పుడు మారింది.

"చీర ఏది?" అన్నది లిడియా.

"చీర గాదే, గ్రాఫిక్స్ కార్డు," అని మంచం కిందినుంచి తీశాను. ఇటుకంత ఉంది, పైన రెండు ఫ్యాన్లు. "నీ కోసమే తెచ్చిన. పెండ్లి వీడియోలు జల్ది తయారైతయి."

లిడియా ఇంట్లోనే పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. కంప్యూటర్ ఆమెది. నాది అందులో దొంగతనంగా ఆడే కార్ల రేసు మాత్రమే. పాత కంప్యూటర్‌లో నా రేసు కారును ఎడ్లబండ్లు కూడా దాటిపోయేవి. ఈ బాధ ఆమెకు చెప్పలేదు. చెప్పకపోయినంత మాత్రాన ఆమెకు తెలియని సంగతి మా ఇంట్లో ఇంతవరకు లేదు.

చిక్కేమిటంటే, ఆ కార్డుకు కరెంటు సాకెట్లు రెండు. కంప్యూటర్ లోపల కరెంటు పంచే మా పవర్ సప్లై డబ్బాలో దానికి పనికొచ్చే వైరు ఒక్కటీ లేదు. పాత సామాన్ల దుకాణంలో ఒక అడాప్టర్ దొరికింది. ఒక కొనను హార్డ్ డిస్క్‌కు పోయే సన్న వైరుకు తగిలించాలి. రెండో కొన రెండుగా చీలి కార్డుకు పోతుంది.

లిడియా దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. "గింత సన్నగున్నది. డబ్బా మీద రాసింది సదివినవా? ఒక్కో సాకెట్‌కు పవర్ సప్లై నుంచి ఒక్కో వైరు రావాల్నంట. పవర్ సప్లై గూడ పెద్దది గావాల్నంట."

"కంపెనీలోల్లు గట్లనే బెదిరిస్తరు. సీజన్‌ల మన ఒక్క ట్రాక్టరు రెండు చెరుకు ట్రాలీలు గుంజుతలేదా?"

"గుంజుతది. ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు ముందటి చక్రాలు గాల్లకు లేస్తయి. బరువుకు నలుగురు ఇంజన్ మీద కూసుంటరు."

"ఇంట్ల గడ్డ ఎక్కడిది?"

"నువ్వున్నవు గదా." వైరును నా చేతిలో పెట్టింది. "ఇందల్వాయోల్ల పెండ్లి వీడియో అండ్లనే ఉన్నది. ఈ వారం ఇయ్యాలె. వీడియో పోయిందని వాల్లు మల్ల పెండ్లి చేసుకోరు. ముట్టకు."

ఆదివారం పొద్దున నాకు తలనొప్పి వచ్చింది.

"పండుకో. చర్చిల నీ కోసం ప్రార్థన చేస్తం," అని లిడియా హ్యాండ్‌బ్యాగు తగిలించుకొని తన అత్త, మా అవ్వ జ్ఞానమ్మతో బయలుదేరింది. గేటు చప్పుడుతోనే నా తలనొప్పి తగ్గింది. ప్రార్థన మహిమ.

కార్డు బిగించాను, అడాప్టర్ తగిలించాను, స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. ఆట మొదలైంది. నా కారు ఎగిరింది. మొదటి మలుపులో అందరినీ దాటాను. రెండో మలుపులో బెల్లప్పాకం మాడిన వాసన వచ్చింది. వాహ్, టైర్ల వాసన కూడా వస్తోంది, ఎంత గొప్ప కార్డు అనుకున్నాను.

పొగ కూడా వచ్చాక అర్థమైంది.

ప్లగ్గు పీకి చూస్తే సన్న వైరూ అడాప్టరూ కరిగి ఒక్కటైపోయాయి. పెళ్ళి వీడియో ఉన్న హార్డ్ డిస్క్‌కు కరెంటు పోయేది ఆ వైరు నుంచే. ఇందల్వాయి పెళ్ళికూతురి మేనమామలు ఒక్కొక్కరే కళ్ళముందు కదిలారు. అందరూ బలంగానే ఉన్నారు. మోకాళ్ళ మీద కూలబడ్డాను.

అదే భంగిమలో చర్చి నుంచి వచ్చిన అత్తాకోడళ్ళకు దొరికాను. వాసన పట్టుకొని నాగవ్వ కూడా వచ్చింది.

"ఏం కాలింది, చీరనా?" అన్నది నాగవ్వ.

"పెండ్లి," అన్నాను. ఇక ఆగలేదు. "కార్డు నీ కోసం గాదు లిడియా, రేసు కోసం తెచ్చిన. తలనొప్పి గూడ అబద్ధమే. ఇందల్వాయోల్ల కాల్లు నేనే పట్టుకుంట."

లిడియా అంతా తీరిగ్గా విన్నది. "ఇంకేమన్న ఉన్నదా?"

"లేదు."

అప్పుడు హ్యాండ్‌బ్యాగు తెరిచి, ఒక చిన్న హార్డ్ డిస్క్ బయటికి తీసింది. "నీకు తలనొప్పి వస్తదని నిన్ననే కాపీ తీసిన."

మర్నాడు నన్ను నిజామాబాద్ తోలింది. పెద్ద పవర్ సప్లై తెచ్చాను. ఒక్కో సాకెట్‌కు ఒక్కో లావు వైరు లిడియాయే బిగించింది. నాకు టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం దొరికింది. గంటలు పట్టే వీడియో చాయ్ తాగేలోపు తయారైంది. వైరు పట్టుకొని చూస్తే చల్లగానే ఉంది.

అవ్వ, నాగవ్వ కూడా అక్కడే కూర్చున్నారు కదా, పెద్దవాళ్ళ ముందు లిడియా కాదనదులే అని ధైర్యం చేశాను.

"వైర్లు మంచిగున్నయి, పవర్ సప్లై పెద్దదున్నది. ఇప్పుడు నేను జరసేపు రేసు ఆడుకుంటే ఏమన్న అయితదా?"

లిడియా స్క్రీన్ మీదినుంచి తల తిప్పలేదు.

"కంప్యూటర్‌కు ఏం గాదు. నీకే అయితది."