వలేరియన్ గారి సీసాల ప్రారంభోత్సవం

"వచ్చే వసంతానికల్లా మన ఊరి వైను పారిస్ బల్లల మీద ఉంటుంది!" అని మా జిల్లా అధ్యక్షులు వలేరియన్ గారు ద్రాక్షకోతల నాడు ప్రకటించారు. అప్పటికి ద్రాక్షలింకా గంపల్లోనే ఉన్నాయి. దూరదృష్టి అంటే అదీ.

నిజానికి వైను సీసాలకెక్కించాలన్న ఆలోచన మా ముగ్గురు స్నేహితులది. జుంబెర్, అంబ్రోసి, నేను. మా కఖేతి సీమలో ఇంటి వైనుకు సీసాలేమిటి? పెరట్లో నేలలోకి పాతిన మట్టిగాబు ఉంటుంది. అందులోంచి ముంచుకుంటాం, తాగుతాం, మిగిలితే చుట్టాల్ని పిలుస్తాం. కానీ కొత్త రోడ్డు నక్షాలో ఎర్రగీత సరిగ్గా జుంబెర్ తోట నడుమనుంచి పోయింది. అది వాళ్ల తాతముత్తాతలు నాటిన తోట. జుంబెర్ టోపీ చేత్తో పట్టుకుని వెళ్లి నిలబడితే వలేరియన్ గారు అభయమిచ్చారు.

"ఇప్పుడది ఉత్త తోట, జుంబెర్! వైను సీసాకెక్కిందనుకో, పరిశ్రమ అయిపోతుంది. పరిశ్రమ మీంచి రోడ్డేసే మొనగాడెవడయ్యా?"

అంతే, మేం పనిలో పడ్డాం. మూతపడ్డ నిమ్మసోడా ఫ్యాక్టరీ నుంచి అంబ్రోసి సీసాలు తెచ్చాడు. బిరడాలు బిగించే మర నేను తెచ్చాను. శీతాకాలం పోయి వైను తయారైంది. గాబు మూత చుట్టూ ఉన్న బంకమట్టి తవ్వి తీస్తుంటే వలేరియన్ గారి కారొచ్చి ఆగింది.

"రుచి చూడకుండా పారిస్‌కి మాటివ్వడం బాధ్యతారాహిత్యం" అన్నారు. మాటివ్వడం అప్పటికే అయిపోయింది కాబట్టి రుచే మిగిలింది. తృప్తిగా చూశారు. పరివారమూ చూసింది.

"ఇవాళే సీసాల్లో పోసేస్తామండీ" అన్నాడు జుంబెర్.

"నేను ప్రారంభించకుండానే? అప్పుడది ప్రభుత్వ కార్యక్రమం ఎలా అవుతుంది?"

"అయ్యా, గాబు తెరిస్తే ఆగకూడదు. గాలి తగిలితే పులుస్తుంది."

"గాలి కూడా మన జిల్లాదేగా. మూత పెట్టు."

మూత పెట్టాం, మళ్లీ మట్టి మెత్తాం. తర్వాతి వారం నాణ్యతా కమిటీ వచ్చింది. నాణ్యత సాయంత్రం దాకా ఉందో లేదో చూడాలని సాయంత్రం దాకా కూర్చుంది. ఆ తర్వాత లేబుల్ కమిటీ. లేబుల్ మీద వలేరియన్ గారి ఫొటో, కింద చిన్నగా ద్రాక్షగుత్తి. వారి బుగ్గల రంగు వైను రంగుతో కలవాలట. కలుస్తోందా లేదా అని గ్లాసు తర్వాత గ్లాసు పట్టుకుని పోల్చారు. చివరికి కమిటీవారి బుగ్గలే కలిశాయి. ఆఖరున టీవీవాళ్లు రిహార్సల్‌కి వచ్చారు.

వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి పంపడం మా ఇళ్లలో లేదు. అతిథిని దేవుడు పంపుతాడంటాం. ఈసారి జిల్లా ఆఫీసు కూడా పంపుతోంది, అంతే తేడా. వచ్చినప్పుడల్లా మూత తీశాం. వెళ్లినప్పుడల్లా మట్టి మెత్తాం. సీసాలు కడిగి బోర్లించాం, దుమ్ము పట్టాక మళ్లీ కడిగాం.

ప్రారంభోత్సవం నాటి పొద్దున జుంబెర్ ఒక గరిటె ముంచి నోట్లో పోసుకున్నాడు. మింగలేదు, ఉమ్మలేదు. గాబు అంచున చతికిలబడ్డాడు.

"ఏంట్రా?" అన్నాడు అంబ్రోసి.

"నువ్వే చూడు బావా."

చూశాం. నాలుక చివర నుంచి చెవుల దాకా పులుపు. వైను పోయింది, వెనిగర్ మిగిలింది. జుంబెర్ కళ్లల్లో నీళ్లు పులుపువల్ల వచ్చినవి కావు.

"చెప్పేద్దాం" అన్నాన్నేను.

"చెబితే తోట పోద్ది" అన్నాడు జుంబెర్.

"చెప్పకపోతే పరువు పోద్దయ్యా" అంది వాళ్లావిడ త్సియూరి. ఇద్దరూ నిజమే చెప్పారు. ఈలోగా బ్యాండు మోగింది.

పెరట్లో పొడుగాటి బల్లలు వేశాం. అక్రోటు ముద్ద కూరిన వంకాయలు, ఊచల మీద కాల్చిన మాంసం, వేడివేడి చీజు రొట్టెలు. రోడ్డు కంట్రాక్టరూ, అతని బుల్‌డోజర్ డ్రైవరూ కూడా బల్ల దగ్గరే ఉన్నారు. బుల్‌డోజర్ మాత్రం కంచె అవతల ఆగింది. మా విందులో ప్రతి గ్లాసుకూ ముందు దీవెన చెప్పే పెద్ద ఒకడుంటాడు, తమాదా అంటాం. ఆ పదవి కూడా వలేరియన్ గారే అలంకరించారు. మరొకరికి అప్పగిస్తే ప్రజాస్వామ్యం దెబ్బతింటుంది.

మొదటి సీసా వారి చేతుల్తోనే నింపారు. చప్పట్లు. కెమెరా దగ్గరికి జరిగింది.

"మాతృభూమికి!" అని అందులోంచి గ్లాసు నిండా పోసుకుని గటగటా తాగేశారు.

ఆ ముఖంలో ఆ క్షణాన కనిపించిన దేశభక్తి నేను ఇంకెక్కడా చూడలేదు. కళ్లనుంచి ధారలు. దవడలు బిగిసిపోయాయి. అయినా మాతృభూమి పేర ఎత్తిన గ్లాసు సగంలో దించితే ఎన్నికల్లో నిలబడడం కష్టం. ఆఖరి చుక్క దాకా తాగి, గ్లాసు తిరగేసి చూపించారు.

"అద్భుతం!" అన్నారు, కాస్త ఊపిరి తీసుకుని. "ఇంతటి వైను పుట్టిన తోటను ప్రపంచమంతా వచ్చి చూడాలి. చూడాలంటే రావాలి. రావాలంటే రోడ్డుండాలి. రేపే పని మొదలు! ఆ రోడ్డుకి ఈ తోట పేరే పెడుతున్నాను. జుంబెర్ ద్రాక్షతోట మార్గం!"

ఎర్రగీత ఎక్కడినుంచి పోతుందో అందరికీ తెలుసు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఈ దీవెన మన జుంబెర్‌కి అప్పగిస్తున్నాను. మాట్లాడవయ్యా, సిగ్గుపడకు!"

దీవెన అప్పగించడం మా దగ్గర పెద్ద గౌరవం. అందుకున్నవాడు దాన్ని పొడిగించి చెప్పాలి. అతను ముగించేదాకా ఎవరూ కూర్చోకూడదు, కదలకూడదు. అందులో చనిపోయినవాళ్ల పేరు వస్తే గ్లాసు ఖాళీ చేసి తీరాలి, లేకపోతే వాళ్లను అవమానించినట్టే.

జుంబెర్ మెల్లగా లేచాడు. టోపీ తీశాడు. అందరం లేచి నిలబడ్డాం.

"ఈ తోట గురించి అయ్యగారు బాగా చెప్పారు. దీన్ని నాటినవాళ్ల గురించి నేను చెబుతాను. మా ముత్తాత మాల్ఖాజ్. కొండ మీంచి తీగ భుజానేసుకొచ్చి తూర్పు వరస నాటాడు. ఆయన ఆత్మకు!"

తాగాం. వలేరియన్ గారు కెమెరా వంక చూసి, తాగారు.

"ఆయన తమ్ముడు బెసారియోన్. యుద్ధానికెళ్లి రాలేదు. ఆయన నాటిన వరస మాత్రం ఇప్పటికీ కాస్తోంది. ఆయన ఆత్మకు!"

తాగాం. త్సియూరి అదే గాబులోంచి ముంచిన కూజా పట్టుకుని వచ్చి, "అయ్యా, మీ గ్లాసు ఖాళీగా ఉందండీ" అంటూ నిండా పోసింది. డ్రైవరు బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"ఆయన భార్య ఎలిసో..."

"వీళ్ల వంశంలో ఎంతమంది ఉన్నార్రా?" అని అంబ్రోసి నా చెవిలో గొణిగాడు.

"ఊరుకో బావా," అన్నాన్నేను, "వాళ్ల నాయనమ్మ వైపు ఇంకా మొదలే పెట్టలేదు."