ఎలియోదోరో పిలిచిన గ్యాస్ లారీ

ఎలియోదోరోకి నిలబడటమంటే ఒళ్లుమంట. ఎత్తైన కొండల మీదున్న మా ఎల్ ఆల్తో ఊళ్లో వీధివాళ్లంతా ఆయన్ని ఆవలింతల ఎలియోదోరో అనే పిలుస్తారు. అలాంటి మహానుభావుడికి తెల్లారగట్ల, ముక్కు ఊడిపడే చలిలో, గ్యాస్ క్యూలో నిలబడే పని తగిలింది.

"మన గ్యాసు గొట్టాల్లో పడి బ్రెజిల్ దాకా పోతుందటే. మన వీధికి మాత్రం లారీలో కూడా రాదు," అన్నాడు పెళ్లాంతో, దుప్పట్లోంచే.

"పొయ్యికున్న బండ ఆఖరికొచ్చింది. రేపు సంతలో వేరుశనగ సూపు అమ్మకపోతే వారమంతా పస్తే. ఖాళీ చేతుల్తో వచ్చావో, ఆ కుండలో నిన్నే ఉడకేస్తాను," అంది కాసిల్డా.

"గ్యాస్ లేకుండా ఎలా ఉడకేస్తావే?"

కాసిల్డా గరిటె అందుకుంది. ఎలియోదోరో ఖాళీగా పడున్న రెండో బండ అందుకున్నాడు.

వీధి మొగలో జనం ఖాళీ బండల మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఈయనది చిట్టచివర. సరుకు సగం వరసకే అయిపోతుందని అందరికీ తెలుసు.

అక్కడే ఆయన బుర్ర పనిచేసింది, అదే చిక్కు. లారీవాడు వస్తూ వస్తూ పానాతో బండని టంగుటంగుమని కొడతాడు. వెనక వీధిలో తనే ఆ చప్పుడు చేస్తే జనం అటు పరిగెడతారు, తను సందులోంచి వచ్చి ముందు నిలబడొచ్చు.

బండ బిగించే పానా వెంటే ఉంది, వెనక్కెళ్లి కొట్టాడు. జనం వచ్చారు, కాకపోతే ఆయన జారుకునేలోపే వచ్చారు. బండలు దొర్లించుకుంటూ సందు రెండు వైపులా మూసేశారు. మధ్యలో ఎలియోదోరో, చేతిలో పానా.

"లారీ ఏదిరా?" అంది ఉఫ్రాసియా పిన్ని. చేతిలో చీపురు లేకుండా ఆవిడ గడప దాటదు.

"వస్తోంది పిన్నీ. ఇవాళ ఇటే వస్తానన్నాడు డ్రైవరు. ఈలోగా అందర్నీ వరసలో పెట్టమన్నాడు."

అనేశాక పెట్టక తప్పలేదు. ఇంటికో బండేనని ఖరాఖండిగా చెప్పాడు, తగువులు తీర్చాడు. ఎండెక్కింది. లారీ జాడ లేదు. పిన్ని చీపురు తిరగేసి పట్టుకుంది. ఎలియోదోరో మరియమ్మ తల్లికి మొక్కుకున్నాడు.

అప్పుడు నిజంగానే లారీ మలుపు తిరిగింది. డ్రైవరు పక్కన దర్జాగా కాసిల్డా, కాళ్ల దగ్గర నిండు బండ.

"నువ్వెలా వచ్చావే?" అన్నాడు నోరెళ్లబెట్టి.

"ఆ చప్పుడు నీదేనని వినగానే తెలిసింది. లారీవాడు ఆపకుండా కొడతాడు. నువ్వు మధ్యమధ్య ఆయాసం తీర్చుకున్నావు. పొయ్యికున్న బండ ఊడదీసుకుని పాతచోటే నిలబడ్డాను, లారీ వచ్చింది. జనం నిన్ను తన్నేలోపు లారీని ఇటు తీసుకొచ్చాను."

ఎవరూ రెండేసి లాక్కోకపోవడంతో సరుకు చివరిదాకా అందింది. పిన్ని కళ్లనీళ్లు పెట్టుకుంది. వీధి సంఘం అక్కడికక్కడే సమావేశమైంది. లారీ వచ్చే ప్రతిరోజూ తెల్లారకముందే వచ్చి వరస నిలబెట్టడానికి ఒక గ్యాస్ పెద్ద ఉండాలన్నారు. ఎవరిని పెడదామన్నారు.

అందరికంటే ముందు లేచింది కాసిల్డా చెయ్యే. "మా ఆయన్ని."

చప్పట్లు మోగాయి. సంఘం ఒప్పజెప్పిన పని కాదన్నవాడు మా వీధిలో ఇంతవరకు లేడు.

"ఎన్నాళ్లే ఇది?" అని గొణుగుతూ ఎలియోదోరో బండ మీద కూలబడబోయాడు.

"లేచి నిలబడవయ్యా, పెద్దమనిషివి," అంది కాసిల్డా. "జనం చూస్తున్నారు."